ఇళ్ల తనిఖీ పనిలోకి కొత్తగా వచ్చినవారికి ఎలా నేర్పాలి?

ప్రశ్న: హనుమకొండ తనిఖీదారు

అందరికీ నమస్కారం. పదేళ్లు సైటు ఇంజనీరుగా చేసి, ఆ తరువాత ఆరేళ్లుగా హనుమకొండ, వరంగల్, కాజీపేటలలో కొనుగోలుదారుల తరఫున ఇళ్లను పరిశీలించి రిపోర్టులు రాసి ఇస్తున్నాను. ఈ ఏడాది పాలిటెక్నిక్‌లో సివిల్ డిప్లొమా పూర్తి చేసిన ఇద్దరు యువకులు నా దగ్గర చేరారు. ఇద్దరూ చురుకైనవారు, ఎండకు వెరవకుండా మిద్దె ఎక్కేవారు. మన దేశంలో ఈ వృత్తికంటూ ప్రత్యేకమైన లైసెన్సు చట్టం లేదు కాబట్టి, వాళ్లను ఎప్పుడు ఒంటరిగా పంపవచ్చో తేల్చుకోవలసిన బాధ్యత నా మీదే పడింది.

నాలుగు నెలలుగా వెంట తిప్పుకుంటూ, పగులు కనిపించిన చోటల్లా ఆగి అది ఎందుకు వచ్చిందో వివరిస్తున్నాను. వాళ్లు శ్రద్ధగా రాసుకుంటున్నారు. గత నెల నేను ఊళ్లో లేని రోజున ఒకరిని పాత ఇంటికి పంపాను. అతను కాలమ్‌కూ ఇటుక గోడకూ మధ్య నిలువుగా ఉన్న సన్నని పగులును చూసి, పునాది కుంగిందని ఆ ఇంట్లోవాళ్లకు అక్కడికక్కడే చెప్పేశాడు. ఇల్లు అమ్ముకోవాలనుకున్న పెద్దావిడ రెండు రాత్రులు నిద్రపోలేదని తరువాత తెలిసింది. నేను వెళ్లి చూస్తే, కాంక్రీటూ ఇటుకా కలిసే చోట చికెన్ మెష్ (సన్నని ఇనుప తీగల వల) కొట్టకుండా ప్లాస్టరింగ్ చేసినందువల్ల వచ్చిన పగులది. అంతకు వారం ముందే, నల్లరేగడి నేలలో కట్టిన ఒక ఇంటి దగ్గర పునాది కదలికల గురించి నేను గంటసేపు చెప్పాను. ఆ అబ్బాయి నా మాటను మోసుకెళ్లి ఆ గోడకు అంటించాడు. ఆ పెద్దావిడకు క్షమాపణ చెప్పి వచ్చాను గానీ, నేను నేర్పుతున్న పద్ధతిలోనే లోపం ఉందన్న బాధ తగ్గడం లేదు. అనుభవజ్ఞులు దారి చూపగలరు.

జవాబు: విశ్రాంత ఇంజనీరు, కాజీపేట

మీరు కారణాన్ని ముందు చెప్పి, పగులును తరువాత చూపిస్తున్నారని నాకు అనిపిస్తోంది. ఆ క్రమాన్ని తిరగేయండి. ఇంట్లో అడుగుపెట్టాక మొదటి గంట మీరు నోరు విప్పవద్దు. మీరు ముగ్గురూ మిద్దె మీది నుంచి కిందికి ఎవరి దారిన వారు చూస్తూ రావాలి. శిష్యుల పుస్తకంలో కారణం రాసే గడే ఉండకూడదు. పగులు ఎక్కడ మొదలై ఎటు పోయింది, గేజి కార్డుతో కొలిస్తే వెడల్పు ఎంత, పైన వెడల్పా కింద వెడల్పా, గోడకు అవతలి వైపు కూడా కనిపిస్తోందా, పగులు లోపలికి పాత రంగు దిగి ఉందా లేక అంచులు కొత్తగా ఉన్నాయా అన్నవి మాత్రమే ఉండాలి. బయటికి వచ్చి చెట్టు కింద కూర్చున్నాక మూడు పుస్తకాలనూ పక్కపక్కన పెట్టండి. వాళ్లు చూసి మీరు చూడనిది ఒక్కటైనా దొరుకుతుంది, ఆ రోజు వాళ్ల ముఖాలు చూడండి.

కారణాల చర్చ అక్కడ మొదలుపెట్టండి. పై అంతస్తులో స్లాబు అడుగున గోడ పొడవునా అడ్డంగా పోయిన పగులు చాలాసార్లు ఎండకు స్లాబు సాగి ముడుచుకోవడం వల్ల వస్తుంది. ఇటుకల వరుసల వెంట మెట్లు మెట్లుగా ఎక్కుతూ, పైకి పోయేకొద్దీ వెడల్పయ్యే పగులు కనిపిస్తే, ఆ మూల కిందికి దిగుతోందన్న అనుమానానికి ఆధారం ఉంటుంది. అయినా అనుమానం అనుమానమే. నల్లరేగడి వానకు ఉబ్బి ఎండకు కుదించుకుపోతుంది, సుమారు 3.5 మీటర్ల లోతు దాటితేనే ఆ కదలిక చాలావరకు తగ్గుతుంది కాబట్టి, పైపైన వేసిన పునాది ఏటా కదులుతూనే ఉంటుంది. అటువంటి ఇంటిని ఒక్కసారి చూసి నేర్చుకోవడం సాధ్యం కాదు. యజమాని ఒప్పుకుంటే పగులు మీద అడ్డంగా సన్నని గాజు ముక్కను అతికించి, తేదీ రాయించి, అదే ఇంటికి పిల్లలను మే నెలలో ఒకసారి, సెప్టెంబరులో ఒకసారి తీసుకువెళ్లండి. గాజు విరిగి ఉండటాన్ని తన కళ్లతో చూసిన కుర్రవాడు, ఆ తరువాత ప్లాస్టర్ పగులును చూసి పునాది అనడు.

ఇంకొక మాట. 2020 ఆగస్టు వానలకూ 2023 జూలై వానలకూ మన నగరంలో ఎన్ని కాలనీలు మునిగాయో మీకు తెలుసు. అమ్మకానికి ముందు గోడలకు రంగు వేస్తారు గానీ, మెట్ల కింది గోడకూ, కప్‌బోర్డుల వెనుకకూ వేయరు. నీటి చార అక్కడ మిగిలి ఉంటుంది. మీటరు బోర్డును ఈమధ్య పైకి జరిపారా అన్నది కూడా చూడమనండి. పక్కింటివాళ్లను మర్యాదగా రెండు ప్రశ్నలు అడగడం కూడా ఈ వృత్తిలో భాగమేనని వాళ్లకు మొదటి నెలలోనే తెలియాలి.

జవాబు: ఎలక్ట్రికల్ సూపర్‌వైజరు, కరీంనగర్

కరెంటు విషయంలో కొత్తవారు ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సరఫరాను ఆపేసే స్విచ్) మీద ఉన్న టెస్ట్ బటన్ నొక్కి, ఆ స్విచ్ పడిపోగానే ఎర్తింగ్ బాగుందని రాసేస్తారు. ఆ బటన్ పరీక్షించేది ఆ పరికరాన్నే. ఇంటి ఎర్తింగ్ గురించి అది ఏమీ చెప్పదు. అలాగే మూడు లైట్ల సాకెట్ టెస్టర్ అన్నీ సరిగా ఉన్నాయని చూపించినా, సాకెట్ వెనుక న్యూట్రల్‌ను ఎర్త్ పిన్నుకు కలిపేసి ఉంటే దానిని అది పట్టుకోలేదు. నా దగ్గరికి వచ్చేవారికి నేను పరికరం వాడే పద్ధతి కంటే ముందు, ఆ పరికరం దేనిని చూడలేదో చెప్పమంటాను. అది చెప్పగలిగాకే చేతికిస్తాను. మెయిన్ ఆపకుండా బోర్డు మూత తీసినవారిని ఆ రోజుకు ఇంటికి పంపేస్తాను. ఈ ఒక్క విషయంలో నేను దయ చూపను.

జవాబు: రెండో ఏడాది శిక్షణలో ఉన్న తనిఖీదారు, నర్సంపేట

నేర్చుకుంటున్నదాన్ని కాబట్టి నా వైపు నుంచి చెబుతాను. నాకు అన్నిటికంటే కష్టమైనది ‘చూడలేకపోయాను’ అని రాయడం. ఒక ఇంట్లో అటక నిండా సామాను ఉండి స్లాబు అడుగు భాగం కనిపించలేదు. అలా రాస్తే నాకు పని రాదనుకుంటారని ఆ గది ప్రస్తావనే వదిలేశాను. మా గురువుగారు రిపోర్టు వెనక్కిచ్చి, ఎందువల్ల చూడలేదో కారణంతో సహా రాయించారు. ఆరు వారాల తరువాత అక్కడే స్లాబు పెచ్చులూడి, సలాకలు బయటపడ్డాయి. ఆ ఒక్క వాక్యం లేకపోతే కొన్నవారి ముందు తల ఎత్తుకోలేకపోయేదాన్ని.

ఫోటోలకు తేదీ ఉండాలని కూడా ఆయన పట్టుబడతారు. 2016 నాటి రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ) చట్టం 14వ సెక్షన్ ప్రకారం, ఇల్లు స్వాధీనం చేసిన నాటి నుంచి 5 ఏళ్లలోపు నిర్మాణంలో, పనితనంలో లోపాలు బయటపడి కొన్నవారు తెలియజేస్తే, బిల్డరు 30 రోజుల్లో సొంత ఖర్చుతో సరిచేయాలి. అటువంటప్పుడు మన రిపోర్టు వాళ్ల చేతిలో ఆధారమవుతుంది.

ఇంకొకటి మనవి చేస్తాను. మొదట్లో ప్రతి ఇంట్లోనూ నన్ను పక్కనపెట్టి, సారు ఎప్పుడొస్తారని అడిగేవారు. ఒకసారి ఆయన పక్కనే ఉండి కూడా, ‘ఈ ఇల్లు చూసింది ఈ అమ్మాయి, ఆమెనే అడగండి’ అన్నారు. ఆ రోజు నాకు కలిగిన ధైర్యం ఇప్పటికీ పనికొస్తోంది. మీ శిష్యుడు జరిగిన పొరపాటుతో కుంగిపోయి ఉంటాడు; ఆ పెద్దావిడ ఇంటికి అతన్ని మళ్లీ తీసుకువెళ్లి, అతని నోటితోనే సరైన విషయం చెప్పించండి.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. అమ్మా, మీరు చెప్పినట్టే ఈ ఆదివారం అతన్ని వెంటబెట్టుకుని వెళ్తాను. నల్లరేగడిలో ఉన్న ఆ ఇంటి యజమానిని గాజు ముక్క కోసం అడిగాను, ఒప్పుకున్నారు. ఒక్క సందేహం మిగిలింది: వాళ్లు రాసిన రిపోర్టు మీద సంతకం ఎవరిది ఉండాలి?

జవాబు: విశ్రాంత ఇంజనీరు, కాజీపేట

చూసినవారిగా వాళ్ల పేరు, బాధ్యుడిగా మీ సంతకం ఉండాలి. వాళ్ల పుస్తకమూ మీ పుస్తకమూ వరుసగా పది ఇళ్లలో ముఖ్యమైన విషయాల్లో ఏకీభవించిన తరువాత, సామాను చేరని కొత్త ఫ్లాట్లకు మాత్రం ఒంటరిగా పంపండి. మనుషులు కాపురమున్న పాత ఇళ్లకూ, నల్లరేగడి మీది ఇళ్లకూ కనీసం ఒక వానాకాలం గడిచేదాకా మీరు తోడు వెళ్లండి.