ఫుడ్ మార్చాం, బుడ్డిదానికి ఒకటే మోషన్స్

పాలకొల్లు ల్యాబ్:
నమస్తే అండి. మాది పాలకొల్లు పక్కన పల్లెటూరు. తొమ్మిది వారాల ల్యాబ్రడార్ కుక్కపిల్లని తెచ్చి వారమయ్యింది, వాళ్ళిచ్చిన డ్రై ఫుడ్ అయిపోవస్తే భీమవరంలో వేరే కంపెనీది కొని మొన్న రాత్రి నుంచి అదే పెట్టేస్తున్నాం. నిన్నట్నుంచి ఐదుసార్లు అయ్యింది, ముందు మెత్తగా, తర్వాత నీళ్ళలాగా. రక్తం లేదు, వాంతి లేదు, చెప్పులు నోట కరుచుకుని ఇల్లంతా తిరుగుతూనే ఉంది. మామయ్యేమో మనం వేసుకునే మోషన్ బిళ్ళ సగం వేసెయ్యమంటున్నాడు, వెయ్యొచ్చా?

రాజోలు బుల్లోడు:
బిళ్ళ జోలికి వెళ్ళకండి బాబూ. ఒక్క పూటలో ఫుడ్ మార్చేస్తే చిన్న పొట్ట తట్టుకోలేదండి. పాతది ఇంకా కాస్త ఉందిగా, తగ్గాక ముప్పావు అది పావు కొత్తది, రెండ్రోజులాగి సగం సగం, అలా వారం పది రోజులకి పూర్తిగా మార్చాలి. ఈలోపు మెత్తగా ఉడికిన అన్నంలో ఎముకలు, తోలు లేని ఉడికించిన చికెన్ చిదిపి రోజుకి నాలుగైదు సార్లు కొంచెం కొంచెం పెట్టండి. ఉప్పు, కారం, ఉల్లి, వెల్లుల్లి ఏదీ తగలకూడదు. కూరలో ముక్క కడిగి పెడితే చాలనుకునేరు, మా ఇంట్లో అదే చేసి రాత్రంతా జాగారం చేశాం.

కుక్కల పిచ్చి:
పాలు పోస్తున్నారా? టీకా పడిందా? కడుపులో పురుగులు పోయే మందు తాగించారా?

పాలకొల్లు ల్యాబ్:
మా అమ్మ పూటకో గిన్నెడు గేదె పాలు పోస్తోందండి, అది ఫుడ్ లెక్కలోకి వస్తుందనుకోలేదు 😅 టీకా ఒకటి వేశారన్నారు, కాయితం ఇవ్వలేదు.

కుక్కల పిచ్చి:
పాలు ఇప్పుడే ఆపండి, తల్లి పాలు మానేశాక పాలల్లో ఉండే లాక్టోజ్ అనే చక్కెర చాలా కుక్కపిల్లలకి అరగదు. మెడ వెనక తోలు పైకి లాగి వదలండి, టక్కున దిగాలి, నెమ్మదిగా దిగితే ఒంట్లో నీరు తగ్గినట్టే. కాయితం లేదంటే టీకా లేదనే అనుకోండి. పార్వో అని కుక్కపిల్లల ప్రాణం మీదకి తెచ్చే వైరస్ జబ్బు, అది కూడా ఒక్కోసారి ఇలా మామూలు మోషన్స్‌తోనే మొదలవుద్ది, వాంతులు గానీ రక్తం గానీ నీరసం గానీ కనపడితే అర్ధరాత్రైనా ఆగొద్దు. ఏమీ లేకపోయినా రేప్పొద్దున్నే మోషన్ శాంపిల్ పట్టుకుని పశువుల ఆసుపత్రికి వెళ్ళండి.

పాలకొల్లు ల్యాబ్:
వెళ్ళొచ్చామండి. పార్వో కాదన్నారు, శాంపిల్‌లో ఏలికపాముల గుడ్లు కనపడ్డాయంట, మందు తాగించారు, తగ్గాక టీకాకి రమ్మన్నారు. సాయంత్రం నుంచి ఒక్కసారే అయ్యింది, అదీ కొంచెం గట్టిగా. పాలు ఆపేశానని అమ్మ మాత్రం నాతో మాట్లాడట్లేదు.