టైబీరియస్ గ్రాకస్ భూమి చట్టం: చంపుకునేదాకా ఎందుకు వెళ్లింది?

ప్రశ్న | ఎం.ఏ. చరిత్ర విద్యార్థిని

అందరికీ నమస్కారం. రోమన్ రిపబ్లిక్ చివరి రోజుల మీద మా క్లాసులో సెమినార్ ఉంది. నాకు వచ్చిన భాగం టైబీరియస్ గ్రాకస్. చదివేకొద్దీ తికమక పెరుగుతోంది. ఒకచోట పేదల కోసం ప్రాణమిచ్చినవాడంటారు, ఇంకోచోట జనాన్ని రెచ్చగొట్టి అధికారం కోసం పాకులాడాడంటారు. క్రీ.పూ. 133లో ట్రిబ్యూన్ (సామాన్యుల తరఫున ఎన్నికయ్యే అధికారి) అయ్యాడు, ప్రభుత్వ భూమిని పేదలకు పంచే చట్టం తెచ్చాడు, ఆ ఏడు తిరక్కుండానే సెనేటర్లు, అంటే రోమ్ పెద్దల సభవాళ్లు, కొట్టి చంపేశారు. ఒక్క భూమి చట్టానికి ఇంత దూరం ఎందుకెళ్లింది? తోటి ట్రిబ్యూన్ ఆక్టేవియస్‌ని పదవిలోంచి దించెయ్యడమే అసలు తప్పని మా లెక్చరర్ గారు అంటున్నారు. మీరేమంటారు?

జవాబు 1 | న్యాయవాది, గుంటూరు

మీ లెక్చరర్ గారి మాటే నాదీ. పదిమంది ట్రిబ్యూన్లలో ఒక్కడు వద్దన్నా పని ఆగాలి, అది రోమన్లు తరతరాలుగా పాటించిన కట్టుబాటు. ఆక్టేవియస్ వద్దన్నాడు. అతనికీ ప్రభుత్వ భూమి ఉంది కాబట్టి, నష్టం నా సొంత డబ్బుతో కట్టిస్తానని కూడా టైబీరియస్ అన్నాడు. అతను వినలేదు. దాంతో అతన్ని దించాలా వద్దా అని జనాన్నే ఓటడిగాడు.

గ్రీకు జీవితచరిత్రకారుడు ప్లూటార్క్ ఆ ఓటింగు రాసిన తీరు చూడండి. రోమన్లు తెగలవారీగా ఓటేసేవారు, తెగకి ఒక ఓటు. మొత్తం 35 తెగలు. 17 తెగలు దించెయ్యమన్నాయి. ఇంకొక్కటి పడితే అయిపోతుంది. అక్కడ ఓటింగు ఆపించి, టైబీరియస్ ఆక్టేవియస్‌ని కౌగిలించుకుని అందరి ముందూ బతిమాలాడు. ఆక్టేవియస్ కళ్లల్లో నీళ్లు తిరిగాయట, చాలాసేపు మాట్లాడలేదట. కానీ డబ్బున్నవాళ్ల వైపు చూసి, నీ ఇష్టం వచ్చింది చేసుకో అనేశాడు. పద్దెనిమిదో తెగ ఓటేసింది. టైబీరియస్ ఉద్దేశం మంచిదే కావచ్చు. కానీ ఆ ఒక్క ఓటుతో ట్రిబ్యూన్ పదవికున్న రక్షణ పోయింది, రేపు తనకూ పోయింది.

జవాబు 2 | రిటైర్డ్ సర్వేయరు

అమ్మా, నేను ముప్పై రెండేళ్లు గొలుసు, క్రాస్ స్టాఫ్ పట్టుకుని పొలాల వెంట తిరిగినవాణ్ణి. రిటైరయ్యాక రోమ్ అంతర్యుద్ధాల గురించి అప్పియన్ రాసింది చదువుతుంటే ఒక పేజీ దగ్గర ఆగిపోయాను. నేను చేసిన పనే అందులో ఉంది. లాయరు గారు చెప్పిన ఓటింగు నిజమే, కానీ గొడవ అంతకుముందే పొలం గట్టు మీద మొదలైందని నా నమ్మకం.

ముందు కొలతలు చెప్తాను. యూగెరం అని వాళ్ల భూమి కొలత, 240 అడుగుల పొడవు, 120 అడుగుల వెడల్పు. రోమన్ అడుగు మన అడుగు కంటే కాస్త పొట్టి, అందుకని మన లెక్కలో దాదాపు 62 సెంట్లు, తెలంగాణలో అయితే 25 గుంటలు. చట్టం పెట్టిన పరిమితి 500 యూగెరాలు. అంటే 310 ఎకరాలు! కొడుకులుంటే ఒక్కొక్కరికి ఇంకో 250 అని అప్పియన్ రాశాడు. సొంత భూమి జోలికి పోనేలేదు, ఇదంతా ప్రభుత్వ భూమి మాటే. పైగా ఆ పరిమితి పాతదే, ఎవరూ అమలు చెయ్యలేదంతే. టైబీరియస్‌ని విప్లవకారుడని రాసేవాళ్లు ఈ లెక్క ఒకసారి వేసుకుంటే బాగుంటుంది.

మరి అంత మంట ఎందుకు పుట్టింది? ఓడిపోయిన ఊళ్ల దగ్గర రోమ్ భూమి తీసుకునేది. యుద్ధంలో పాడుబడ్డ భూమిని ఎవరైనా సాగు చేసుకోవచ్చని ప్రకటించింది. ధాన్యంలో పదో వంతు, తోటల్లో అయిదో వంతు కట్టాలి. కొలిచి రాసుకున్నది తక్కువ. రెండు మూడు తరాలు గడిచాయి. ఖాళీ చేయించే చట్టం వస్తోందనేసరికి సాగులో ఉన్నవాళ్లు ఏమన్నారో అప్పియన్ వరసగా చెప్పాడు: పక్కవాడికి డబ్బిచ్చి కొన్నాం. మా పెద్దల సమాధులు ఇందులోనే ఉన్నాయి. పంపకాల్లో మా వాటాకి వచ్చింది. కూతురికి కట్నం కింద ఇచ్చేశాం. అప్పులిచ్చినవాళ్లు కూడా వచ్చి ఇది మాకు తాకట్టులో ఉందన్నారు.

ఇందులో నేను చెవులారా వినని మాట ఒక్కటీ లేదు. ఒకసారి బంజరు కొలవడానికి వెళ్తే ఒక పెద్దావిడ భర్త సమాధి గట్టు మీద కూర్చుంది. గొలుసు సరిగ్గా అక్కణ్ణుంచే పోవాలి. ఆవిడ అరవలేదు, తిట్టలేదు. చీర చెంగుతో సమాధి మీది దుమ్ము తుడుస్తూ ఉండిపోయింది. నా చేతిలోని ఎఫ్‌ఎంబీలో, అంటే సర్వే కొలతల పుస్తకంలో, అది ప్రభుత్వ భూమే. గొలుసు పట్టుకున్న ఇద్దరు కుర్రాళ్లూ నా మొహం చూశారు. ఆ పూట పని ఆపేశాను. చట్టం న్యాయమైనదే, భూమి లేనివాళ్లు ఊళ్లో ఎదురుచూస్తున్నారు. అయినా ఆ గొలుసు లాగడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది.

టైబీరియస్, తమ్ముడు గాయస్, మామగారు అప్పియస్ క్లాడియస్, ఈ ముగ్గురే చట్టం ప్రకారం భూమి తేల్చి పంచే కమిషన్. చట్టాన్ని ఆపలేకపోయిన సెనేట్ ఖర్చులు బిగబట్టింది. కొలతకు వెళ్లేవాళ్లకి మామూలుగా ఇచ్చే టెంటు కూడా ఇవ్వలేదు. బత్తా రోజుకి తొమ్మిది ఓబోల్‌లు, చిల్లర డబ్బులన్నమాట. ఈ ప్రతిపాదన పెట్టింది స్కిపియో నసీకా అనే సెనేటర్. అతని చేతిలో ప్రభుత్వ భూమి బాగా ఉందని ప్లూటార్క్ రాశాడు.

సరిగ్గా అప్పుడే పెర్గమం (ఇప్పటి టర్కీలో ఉండేది) రాజు అట్టాలస్ చనిపోతూ తన రాజ్యాన్ని రోమ్‌కి రాసిచ్చాడు. ఆ ఖజానాతో, భూమి దక్కినవాళ్లకి పనిముట్లు కొనిద్దామన్నాడు టైబీరియస్. పరదేశాల వ్యవహారం, ఖజానా, రెండూ సెనేట్ చేతిలోవి. ఆక్టేవియస్ సంగతి కంటే ఇదే వాళ్లని ఎక్కువ భయపెట్టిందనుకుంటాను. మళ్లీ ట్రిబ్యూన్‌గా పోటీకి దిగేసరికి నసీకా టోగా (రోమన్లు ఒంటికి చుట్టుకునే వస్త్రం) అంచు తల మీద కప్పుకుని గుంపుతో వచ్చాడు. విరిగిన బెంచీల కాళ్లే ఆయుధాలు. 300 మందికి పైగా చచ్చిపోయారు, ఒక్కరికీ కత్తి దెబ్బ లేదు, అన్నీ కర్రల, రాళ్ల దెబ్బలే. అన్న శవం ఇమ్మని తమ్ముడు అడిగినా ఇవ్వకుండా, రాత్రిపూట టైబర్ నదిలో పడేశారు.

ప్రశ్న అడిగినవారు

సార్, బత్తా సంగతి నేను చదివిన పుస్తకాల్లో ఎక్కడా లేదు, సెమినార్‌లో తప్పకుండా చెప్తాను. ఇంకొక్క సందేహం. ఆయన పోయాక చట్టం రద్దయిందా?

జవాబు | రిటైర్డ్ సర్వేయరు

రద్దు కాలేదమ్మా, అదే విశేషం. ఖాళీ అయిన చోట వేరేవాళ్లని వేసి కమిషన్ పని సాగించింది. వాళ్లు పాతిన హద్దురాళ్లు దక్షిణ ఇటలీలో దొరికాయి. గుండ్రటి రాళ్లు, పక్కన కమిషనర్ల పేర్లు, నెత్తిన గీతలు. గీత ఏ వైపు చూపిస్తే హద్దు ఆ వైపు పోతుంది. మేం పాతిన రాళ్ల నెత్తిన ప్లస్ గుర్తు ఉండేది. ఆ రాళ్ల ఫొటో మొదటిసారి చూసినప్పుడు చాలాసేపు పేజీ తిప్పలేకపోయాను. పోల్లా అనే ఊళ్లో ఇంకో శాసనం ఉంది. పేరు తెలియని అధికారి కాపువా నుంచి రేగియం దాకా 321 మైళ్లు లెక్క రాసి, ప్రభుత్వ భూమిలో పశువుల కాపరులు దున్నేవాళ్లకి చోటిచ్చేలా చేసిన మొదటివాణ్ణి నేనే అని చెక్కించుకున్నాడు. ఆ గౌరవం తనకే దక్కాలని అధికారులు పోటీపడేంత పేరు ఆ పనికి ఉందన్నమాట.

పనిని ఆపింది క్రీ.పూ. 129లో. ఏది ప్రభుత్వ భూమి, ఏది సొంతం అని తేల్చే అధికారాన్ని కమిషన్ నుంచి తీసి, ఆ ఏటి కాన్సల్ (రోమ్‌లో పై అధికారి) టుడిటానస్‌కి ఇప్పించాడు స్కిపియో ఎమిలియానస్, గ్రాకస్ అక్కచెల్లెలి భర్తే. ఆ కాన్సల్ చిక్కులన్నీ చూసి, ఇల్లీరియా మీద యుద్ధం ఉందని వెళ్లిపోయాడు. ఫైలు కదల్లేదు. కమిషన్ ఉంది, చట్టం ఉంది, తీర్పు చెప్పేవాడు లేడు.

గాయస్ 123లో ట్రిబ్యూన్ అయ్యి ఇంకా పెద్ద ఎత్తున మొదలుపెట్టాడు: చౌకధరకి గోధుమలు, రోడ్లు, కార్తేజ్ దగ్గర కొత్త వలస, సెనేటర్ల మీద విచారణకి బయటివాళ్ల జ్యూరీలు. 121లో అతన్నీ చంపారు. భూమి విషయం నెమ్మదిగా ముగించారు. ఇచ్చిన కమతాలు అమ్మకూడదని టైబీరియస్ పెట్టిన షరతు ముందు పోయింది, డబ్బున్నవాళ్లు కొనడం మొదలుపెట్టారు. తర్వాత పంపకం ఆగింది. చివరికి శిస్తు కూడా ఎత్తేశారు.

మీ సెమినార్‌కి పనికొచ్చేది ఇంకొకటుంది. క్రీ.పూ. 111 నాటి భూమి చట్టం ముక్కలు ముక్కలుగా ఒక కంచు రేకు మీద దొరికింది. ఇటలీలో ప్రభుత్వ భూమిలో చాలా భాగం సాగులో ఉన్నవాడి సొంతమని తేల్చిన చట్టం అది. ఆ రేకు రెండో వైపు అంతకుముందే చెక్కి ఉన్నది లంచగొండి అధికారుల విచారణ చట్టం, గాయస్ కాలం నాటిది. కొన్ని ముక్కలు నేపుల్స్‌లో, కొన్ని వియన్నాలో ఉన్నాయి. దొరికితే రెండు వైపుల ఫొటోలూ పక్కపక్కన పెట్టి చూపించండి.