క్వార్క్స్ సిరీస్: అప్పట్లో అందరూ వింత జీవుల మీదే ఎందుకు పడ్డారు?

పిక్సెల్‌పిచ్చి:
పాత కంప్యూటర్ యానిమేషన్ వెతుకుతుంటే 'క్వార్క్స్' అనే ఫ్రెంచ్ సిరీస్ దొరికింది. మోరిస్ బెనయూన్ 1990-93 మధ్య తీశారు, 12 ఎపిసోడ్లు, ఒక్కోటి మూడు నిమిషాలే. కంటికి కనపడని జీవులు మన మధ్యే తిరుగుతున్నాయనీ, భౌతిక సూత్రాలేవీ వాటికి పట్టవనీ ఒక పరిశోధకుడు డాక్యుమెంటరీలాగా మహా సీరియస్‌గా చెప్పుకుపోతాడు. చూస్తున్నంతసేపూ నాకు ఒకటే డౌట్, ఆ రోజుల్లో ఇలాంటి ఊహాజీవులనే ఎందుకు ఎంచుకున్నారు? మనుషుల్ని చేయడం కుదరకేనా?

రెండోరీలు:
చాలావరకు అంతేనండి. జుట్టు, బట్టల మడతలు, చర్మం, ఇవన్నీ అప్పటి మెషీన్లకు నరకం. పైగా మనిషి ముఖం రోజూ చూసేదే కాబట్టి పెదవి కాస్త తేడాగా కదిలినా ఇట్టే పట్టేస్తాం. 1994లో అదే ఫ్రాన్స్ నుంచి వచ్చిన ఇన్‌సెక్టర్స్ సిరీస్ చూడండి, అన్నీ పురుగులే. గట్టి పెంకు, నున్నటి ఒళ్లు, అప్పటి సాఫ్ట్‌వేర్‌కి భలే అచ్చొచ్చాయి. 1995లో టాయ్ స్టోరీ కూడా బొమ్మల కథే కదా.

నీడవెలుగు:
రెండోరీలు గారూ, మీరన్నది ఇన్‌సెక్టర్స్‌కి సరిపోతుంది గానీ క్వార్క్స్‌ని ఆ లెక్కలో కలపడానికి నాకు మనసొప్పదు. మనుషుల్లాంటి పాత్రలే కావాలంటే రీబూట్ అనే కెనడా కంప్యూటర్ యానిమేషన్ సిరీస్‌లో బాబ్‌కి నీలం ఒళ్లు, డాట్‌కి ఆకుపచ్చ ఒళ్లు ఇచ్చి 1994లోనే నడిపించేశారు. క్వార్క్స్ సంగతి వేరు. మీలో ఎవరైనా త్రీడీ సాఫ్ట్‌వేర్ తెరిచి ఉంటే తెలుస్తుంది, బల్ల మీద కప్పు పెడితే అది నిజానికి బల్ల మీద ఆనదు, కొంచెం కిందికి జరిపితే చప్పుడు లేకుండా చెక్కలోంచి దూసుకుపోతుంది, వదిలేస్తే గాల్లోనే ఉండిపోతుంది, ఎందుకంటే బరువు, తాకిడి అనేవి మనం చెప్తే తప్ప అక్కడ ఉండవు. నీడ కూడా అంతే, వద్దంటే పడదు. అంటే సూత్రాలకు లొంగని జీవి ఆ లోకంలో పుట్టి పెరిగినదే! దానికి ఏ ట్రిక్కూ అక్కర్లేదు. కష్టమంతా చుట్టూ ఉన్న గదిని నమ్మించడంలో ఉంది, గది నిజంగా అనిపిస్తేనే జీవి వింతగా అనిపిస్తుంది. ఆ తెలివి నాకు చాలా ఇష్టం.

సెకనుకు 25 ఫ్రేములు వేసుకున్నా మూడు నిమిషాలకు 4,500 బొమ్మలు. అన్నీ రెండర్ చేయాల్సినవే, అంటే ఒక్కో బొమ్మనూ కంప్యూటర్ లెక్కగట్టి తయారుచేయాల్సిందే, అదీ ఆ కాలపు మెషీన్ల మీద.

గీతలబాబు:
బెల్జియం కామిక్స్ ఆర్టిస్ట్ ఫ్రాంస్వా స్కూటెన్ కూడా దీని డిజైన్‌లో ఉన్నారు, అది ఎవరూ చెప్పలేదేంటి? ఊహల నగరాలను నిజంగా కట్టారేమో అన్నంత వివరంగా గీస్తారాయన. గది నమ్మించాలన్నారు కదా, అలాంటి చెయ్యి పడితే ఇక చెప్పేదేముంది.

పిక్సెల్‌పిచ్చి:
నీడవెలుగు గారు, ఆ కప్పు సంగతి చదివాక నా డౌట్ తీరిపోయింది. రాత్రికి మళ్లీ మొదటి ఎపిసోడ్ నుంచి పెడుతున్నా, ఈసారి జీవిని వదిలేసి గోడలు, నీడలు చూస్తా.