విండోస్ మళ్లీ వేశాక వైఫై, సౌండ్ రెండూ పోయాయి, సాయం చేయండి

అందరికీ నమస్కారం. చదువు కోసం విదేశానికి వచ్చి మూడు వారాలైంది. ల్యాప్‌టాప్ బాగా నెమ్మదించిందని నిన్న రాత్రి డిస్క్ మొత్తం తుడిచేసి, పెన్‌డ్రైవ్‌తో విండోస్ 11 వేశాను. ఇప్పుడు వైఫై గుర్తే కనిపించడం లేదు. సౌండ్ లేదు. టచ్‌ప్యాడ్ కదలడం లేదు, మౌస్‌తో నెట్టుకొస్తున్నాను. స్క్రీన్ మీద అక్షరాలు పెద్దగా, మసకగా ఉన్నాయి. సోమవారం ఆన్‌లైన్ పరీక్ష ఉంది, చాలా టెన్షన్‌గా ఉంది. ల్యాప్‌టాప్ పాడైపోయిందా?

—

తమ్ముడూ, ముందు ఆ భయం వదిలెయ్. ల్యాప్‌టాప్‌కి ఏమీ కాలేదు. కంపెనీవాళ్లు వేసిచ్చిన డ్రైవర్లు (వైఫై, సౌండ్ లాంటి భాగాలను విండోస్‌తో పనిచేయించే చిన్న ప్రోగ్రాములు) డిస్క్ తుడిచినప్పుడు దాంతోపాటే పోయాయి. స్క్రీన్ ఇప్పుడు విండోస్‌లో ఉండే మామూలు డిస్‌ప్లే డ్రైవర్‌తో నడుస్తోంది, అందుకే ఆ మసక.

ముందు నెట్ రావాలి. ఆండ్రాయిడ్ ఫోన్ ఉంటే కేబుల్‌తో కలిపి, హాట్‌స్పాట్ సెట్టింగ్స్‌లో యూఎస్‌బీ టెథరింగ్ (ఫోన్ నెట్‌ని కేబుల్ ద్వారా ల్యాప్‌టాప్‌కి ఇవ్వడం) ఆన్ చెయ్. దానికి కావలసిన డ్రైవర్ విండోస్‌లోనే ఉంటుంది. ఐఫోన్‌కి ఆపిల్ డ్రైవర్ విడిగా కావాలి కాబట్టి, రూమ్‌మేట్ ఎవరిదైనా ఆండ్రాయిడ్ ఒక గంట అడుగు. మొహమాటపడకు.

నెట్ వచ్చాక విండోస్ అప్‌డేట్ నడిపించు. అక్కడే అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, ఆప్షనల్ అప్‌డేట్స్‌లోకి వెళ్తే డ్రైవర్ల జాబితా విడిగా ఉండొచ్చు. చాలామంది దాన్ని చూడరు. అన్నీ టిక్ పెట్టి, రీస్టార్ట్ చేసి, ఇంకోసారి చూడు. చాలావరకు ఇక్కడే తేలిపోతుంది.

మిగిలినవాటికి ల్యాప్‌టాప్ కంపెనీ సపోర్ట్ సైట్‌కే వెళ్లు. అడుగున స్టిక్కర్ మీద సీరియల్ నంబర్ ఉంటుంది, అది కొడితే నీ మోడల్ డ్రైవర్లే వస్తాయి. మొట్టమొదట చిప్‌సెట్ డ్రైవర్ వెయ్, మదర్‌బోర్డు మీది భాగాలను విండోస్ గుర్తుపట్టేది దాంతోనే. దీన్ని పట్టించుకోకుండా టచ్‌ప్యాడ్ డ్రైవర్ పదిసార్లు వేసి విసిగిపోయినవాళ్లను చూశాను. ఇప్పటి ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి టచ్‌ప్యాడ్ ఐ2సీ అనే దారిలో మదర్‌బోర్డుకి కలుస్తుంది. ఆ దారికి డ్రైవర్ లేకపోతే అవతల టచ్‌ప్యాడ్ ఉందనే విండోస్‌కి తెలియదు. ఇంటెల్ ల్యాప్‌టాప్ అయితే సీరియల్ ఐవో అన్న పేరుతో విడిగా ఉంటుంది, అదీ వెయ్. తర్వాత గ్రాఫిక్స్, వైఫై, ఆడియో.

డ్రైవర్లన్నీ ఒక్క క్లిక్‌తో వెతికిపెడతామనే సాఫ్ట్‌వేర్లు మాత్రం దయచేసి వేసుకోకు. అలాంటిదొకటి నా సిస్టమ్‌లో వేరే మోడల్ ఆడియో డ్రైవర్ పెట్టింది. దాన్ని వదిలించుకోవడానికి ఒక రోజంతా పట్టింది.

—

అన్న చెప్పింది సరైన పద్ధతి. ఒక్క మాట కలుపుతాను. సపోర్ట్ సైట్ మనం ఉన్న దేశం పేజీకి తీసుకెళ్తుంది, వేరే దేశంలో కొన్న మోడల్ పేరు ఆ జాబితాలో ఒక్కోసారి ఉండదు. కంగారుపడకండి, సైట్‌లో దేశం మార్చి చూడండి. డ్రైవర్‌కి దేశంతో పనిలేదు, మోడల్ కలిస్తే చాలు.

—

అన్నా, అక్కా, చాలా థ్యాంక్స్. వైఫై, సౌండ్, టచ్‌ప్యాడ్ అన్నీ వచ్చాయి! చిప్‌సెట్, సీరియల్ ఐవో వేసి రీస్టార్ట్ చేయగానే టచ్‌ప్యాడ్ కదిలింది. ల్యాప్‌టాప్‌లోని పరికరాల జాబితా చూపే డివైస్ మేనేజర్‌లో ఇంకా రెండింటికి పసుపు గుర్తు ఉంది. ఒకటి పీసీఐ సింపుల్ కమ్యూనికేషన్స్ కంట్రోలర్, రెండోది అన్‌నోన్ డివైస్. సైట్‌లో బయోస్ అప్‌డేట్ కూడా చూపిస్తోంది, అదీ వేయాలా?

—

మొదటిది సాధారణంగా ఇంటెల్ మేనేజ్‌మెంట్ ఇంజన్, అంటే ఇంటెల్ చిప్‌సెట్‌లోని ఒక భాగం. అదే సైట్‌లో ఆ పేరుతో ఉంటుంది. రెండోదాని మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్, డీటెయిల్స్‌లో హార్డ్‌వేర్ ఐడీస్ చూడు. పీసీఐ పరికరమైతే వీఈఎన్ అన్న అక్షరాల తర్వాత తయారీదారు కోడ్ ఉంటుంది: 8086 ఇంటెల్, 10ఈసీ రియల్‌టెక్, 10డీఈ ఎన్‌విడియా. ఆ ఐడీ ఏసీపీఐ అన్న అక్షరాలతో మొదలైతే ఎక్కువగా హాట్‌కీల లాంటి కంపెనీ సొంత సాఫ్ట్‌వేర్‌కి సంబంధించింది. పరీక్షకి దాని అవసరం రాదు.

బయోస్ అంటే ల్యాప్‌టాప్ ఆన్ కాగానే విండోస్ కంటే ముందు నడిచే ప్రోగ్రామ్, దాన్ని ఇప్పుడు ముట్టుకోకు. అప్‌డేట్ మధ్యలో కరెంటు పోతే ల్యాప్‌టాప్ ఆన్ కాకుండా పోవచ్చు. పరీక్ష అయ్యాక, ఛార్జర్ పెట్టి తీరిగ్గా చెయ్యి. ఈ రాత్రికి కెమెరా, మైక్ ఒకసారి పరీక్షించుకుని పడుకో. ఏది పనిచేయకపోయినా ఇక్కడే రాయి, ఆదివారమంతా చూస్తూ ఉంటాను.