ఊరి ప్లాను ఎవరు వెయ్యాలె: ఊళ్లె ఉన్నోళ్లా, పట్నంల ఉన్నోళ్లా? (ఆన్‌లైన్ చర్చ; ఒక్కో మాట మీద రాసినోళ్ల మారుపేరు ఉన్నది)

డిండి వాగు
మాది నల్లగొండ జిల్లా దేవరకొండ దిక్కు ఊరు. 2024 ఫిబ్రవరి నుంచి సర్పంచ్ లేక దగ్గర దగ్గర రెండేండ్లు స్పెషల్ ఆఫీసరే దిక్కు. 2025 డిసెంబర్‌ల ఎలక్షన్లయి సర్పంచ్ వచ్చిండు. ఇప్పుడు వచ్చే ఏడుకు గ్రామ పంచాయతీ అభివృద్ధి ప్రణాళిక వెయ్యాలె. లొల్లి ఆడ్నే మొదలైంది.

ఊరి వాట్సాప్ గ్రూపుల సగానికి ఎక్కువ మంది పట్నపోళ్లే. ఎల్బీనగర్, వనస్థలిపురం, కొందరు పుణె, ఒకరిద్దరు దుబాయ్. ఊరికి ముందుగాల ఏం కావాలె అని పోల్ పెట్టిండ్రు. ఊరి మొగదల కట్టే కమాను గెలిచింది! రెండోది సీసీ కెమెరాలు. చెరువు కింది పొలాలకు పోయే బాట, ఎస్సీ కాలనీ మోరీ అట్టడుగున పడ్డయి. ఆ ఫొటో సర్పంచ్‌కు పంపి "ఊరందరి మాట ఇది" అంటుండ్రు. వానకాలంల ఆ బాట మీద ట్రాక్టర్ దిగబడితే గుంజేటోళ్లం మేము. దసరాకు కారేసుకొని వచ్చేటోళ్లకు కమాను కనిపిస్తది, మోరీ కనిపియ్యది. ఊళ్లె ఉండేటోళ్లే ప్లాను వెయ్యాలని నేనంటున్న. మీరేమంటరు?

ఎల్బీనగర్ అన్న
తమ్మీ, ఆ కెమెరాలకు ఓటేసినోళ్లల్ల నేనొకణ్ని. మా అమ్మ ఒక్కతే ఉంటది ఊళ్లె. రాత్రి ఎవరన్న తలుపు కొడితే ఆమె భయం నీకు తెల్వదు. మా వాడకట్టుల సగం ఇండ్లల్ల ముసలోళ్లే. కమానుకు నేను ఓటెయ్యలె, అది వేరే సంగతి. గుడికి, బడికి చందాలు కావాల్నంటే మేము కావాలె, సర్పంచ్ ఓట్లకు బస్సు పెట్టి తీస్కపోతరు, ప్లాను కాడికి రాంగనే పరాయోళ్లమా?

మాజీ కార్యదర్శి
నేను పంచాయతీ కార్యదర్శిగా చేసి రిటైరయ్యాను. చట్టం ఏమంటుందో ముందు చెప్తాను. 73వ రాజ్యాంగ సవరణ 1993 ఏప్రిల్ 24 నుంచి అమల్లో ఉంది. దాని ప్రకారం గ్రామసభ అంటే ఆ ఊరి ఓటర్ల జాబితాలో పేరున్న వాళ్లందరూ. ఎల్బీనగర్ మిత్రుడి ఓటు ఊళ్లోనే ఉంటే ఆయనా సభ్యుడే. కానీ సభకు వచ్చి కూర్చోవాలి. వాట్సాప్ పోల్ తీర్మానం కాదు.

పైసల లెక్క ఇంకోటి. కేంద్రం నుంచి వచ్చే 15వ ఆర్థిక సంఘం గ్రాంటులో 2021-22 నుంచి 2025-26 దాకా 60 శాతం తాగునీటికి, పారిశుద్ధ్యానికే ఖర్చు పెట్టాలని షరతు పెట్టారు. మోరీ ఆ ఖాతాలోకి వచ్చేది, కమాను వచ్చేది కాదు. కమాను కట్టాలనుకునే వాళ్లు చందాలు వేసుకోవచ్చు, ఎవరూ కాదనరు.

సిగ్గుతో ఒక మాట ఒప్పుకుంటాను. 2018 తెలంగాణ పంచాయతీరాజ్ చట్టం రెండు నెలలకోసారి గ్రామసభ పెట్టమంటుంది. ఈ-గ్రామ్ స్వరాజ్ అనే కేంద్ర ప్రభుత్వ వెబ్‌సైటులో ప్లాను ఎక్కించే గడువు దగ్గర పడితే మేము చేసిందేమిటంటే, పాత ప్లాను తీసి అంకెలు మార్చడం, రిజిస్టరు ఇంటింటికీ తిప్పి సంతకాలు తీసుకోవడం.

తంగేడు పువ్వు
సార్, ఆ రిజిస్టర్ల నా సంతకం గూడ ఉంటది! పత్తి ఏరంగ చేను కాడికొచ్చి పెట్టిచ్చుకున్నరు. దేనికని అడిగితే "ఊరి మంచికే అక్కా" అన్నరు.

పొద్దుగాల పదకొండింటికి సభ పెడితే కూలి ఇడిశిపెట్టి ఎవరొస్తరు? 2025 జనవరిల రేషన్ కార్డులు, ఇందిరమ్మ ఇండ్ల లిస్టులు చదివే సభలకు కూలి పోయినా జనం ఎగబడ్డరు. లిస్టుల పేరు లేనోళ్లు నిలదీసిండ్రు గూడ. అంటే జనానికి సోయి లేక కాదు, మాట్లాడితే ఏమన్న అయితదంటేనే వస్తరు. మా మహిళా సంఘాలతోని గ్రామ పేదరిక నిర్మూలన ప్రణాళిక అని ఒకటి రాయిస్తరు, దాన్ని పంచాయతీ ప్లానుల కలపాలె. మేము రాసిచ్చినం. ఏ బీరువాల ఉన్నదో.

నిక్కచ్చి
అందర్నీ అడుగుడు అనేది ఇనడానికి మంచిగుంటది. 2019 సెప్టెంబర్‌ల 30 రోజుల ప్రణాళిక పైనుంచే వచ్చింది. ట్రాక్టర్, డంపింగ్ యార్డు, నర్సరీ, వైకుంఠధామం, ఏదన్న మిమ్మల్ని అడిగి పెట్టిండ్రా? గ్రామసభల లేచి "మాకు శ్మశానం కావాలె" అని అడిగే మొగోడున్నడా ఏ ఊళ్లెనన్న? అయినా ఇప్పుడు అదే అందరికి అక్కెరకొస్తుంది. అందర్నీ అడిగితే ఎవని గల్లీల సీసీ రోడ్డు వాడే అడుగుతడు.

డిండి వాగు
వైకుంఠధామం ముచ్చట ఒప్పుకుంటున్న. మరి పల్లె ప్రకృతి వనమని పెట్టిన ఊరి పార్కు? మా ఊళ్లె గొర్లు మేసే జాగల పెట్టిండ్రు. గొల్లోళ్లను ఒక్క మాట అడిగితే వేరే జాగ చూపిస్తుండిరి. ఇప్పుడు కంచె తెంపి మేపుతరు, తిట్లు తింటరు.

ఇంకోటి, అడిగితే జనం అడ్డగోలుగ అడుగుతరనేది తప్పు. 1951 ఏప్రిల్‌ల పోచంపల్లిల వినోబా భావే హరిజనవాడల మీకేం కావాలె అని అడిగితే వాళ్లు ఏమన్నరు? 80 ఎకరాల భూమి, అండ్ల 40 తరి (నీళ్లు పారేది), 40 ఖుష్కి (మెట్ట). ఎంత తూకంగ చెప్పిండ్రో చూడు. ఆ ఊరి భూస్వామి వెదిరె రామచంద్రారెడ్డి అక్కడ్నే 100 ఎకరాలిస్తనన్నడు. భూదానం తర్వాత ఏమైందన్నది వేరే పంచాయితి, కాని అడిగినోళ్లకు లెక్క తెల్సు.

పుణె మేస్త్రి
అన్నలకు నమస్తే. మాది కోయిలకొండ దిక్కు. నేను ఎల్బీనగర్ అన్న లెక్క కాదు, డిండి అన్న లెక్క గూడ కాదు. ఎనిమిది నెలలు పుణెల సెంట్రింగ్ పని, నాలుగు నెలలు ఊరు. పిల్లలు అవ్వ తాన ఉంటరు. ఇక్కడ మేముండే రేకుల షెడ్లకు మోరీ లేదు, అడుగుదామంటే ఇక్కడ ఓటు లేదు. ఊళ్లె ఓటుంది, సభ నాడు నేనుండ. "ఊళ్లె ఉన్నోళ్లే వెయ్యాలె" అంటే నేను ఏడ జెప్పుకోవాలె?

సభను దసరాకో కురుమూర్తి జాతరకో దగ్గర పెట్టుండ్రి, అప్పుడు మేమందరం దిగుతం. మా ఊరి ఇటుక బట్టీల ఒడిశా నుంచి వచ్చినోళ్లున్నరు. వాళ్ల తాగునీళ్ల ముచ్చట ఎవరి ప్లానుల ఉంటదో అది గూడ జెప్పుండ్రి.

డిండి వాగు
మేస్త్రీ, నేను పట్నపోళ్లు, ఊరోళ్లు అని రెండే లెక్కలేసుకున్న. నువ్వు దేన్ల రావు. తప్పు నాదే. ఒడిశా వాళ్ల ముచ్చటకు నా తాన జవాబు లేదు.

నిన్న సర్పంచ్ తోని కూసున్న. ఈసారి సభ గురువారం, మాపటీలి ఏడింటికి, కూలికి పోయినోళ్లు ఇల్లు చేరినంక. హనుమాండ్ల గుడి కాడ గాదు, ఎస్సీ కాలనీ బడి కాడ. గుడి కాడ పెడితే కొందరు మెట్ల కిందనే నిలబడతరు, మాట మీదికి రాదు. పుణెల ఉన్నోళ్లు ఫోన్ల చెప్పింది వార్డు మెంబర్ రాసుకొని చదువుతడు. దసరాకు ఇంకో సభ. కమానోళ్లు అలిగి గ్రూపుల నుంచి ఎల్లిపోయిండ్రు, ముగ్గురు.

మాజీ కార్యదర్శి
తీర్మానం అక్కడికక్కడే గట్టిగా చదివించండి, ఆ తర్వాతే సంతకాలు. ఖాళీ గీతలు వదిలితే కొట్టేయించండి. ఆ గీతల్లో ఏమేం చేరతాయో నాకు తెలుసు.

ఎల్బీనగర్ అన్న
గురువారం నాకు డ్యూటీ ఉంది తమ్మీ. అమ్మను పంపిస్త. చీకట్ల ఒక్కతే రాదు, ఎవరన్న బండి మీద తోల్కపోండ్రి. కెమెరాల సంగతి ఆమెనే చెప్తది.