మన మార్కాపురం క్వారీల్లో డైనోసార్ ఎముకలు ఎందుకు దొరకవు?

కావలి_కుర్రోడు:
మా అక్క కొడుకు ఏడో క్లాసు, వాడికి డైనోసార్ల పిచ్చి. టి-రెక్స్ 1902లో దొరికింది, 1905లో పేరు పెట్టారు అని తేదీలతో సహా చెప్తాడు. వాడు అడిగే వాటికి నా దగ్గర జవాబు లేదబ్బా. నాలుగు ఎముకలు చూసి ఇది కొత్త జంతువు అని ఎట్ట తేలుస్తారు అంటాడు. ఇంకోటి, ఆ రోజుల్లో అమెరికాలో, ఆఫ్రికాలో, మంగోలియాలో అన్నిచోట్లా దొరికినాయి గదా, మన గూడూరు మైకా గనులు, మార్కాపురం పలకల క్వారీలు తాతల కాలం నుంచి తవ్వుతానే ఉన్నారు, ఒక్క ఎముకైనా ఎందుకు బయటపడలా? తెలిసినోళ్లు చెప్పండి.

పొదిలి_మేష్టారు:
మొదటిదానికి చెప్తా. ఎముకలు ఎన్ని అనేదాని కన్నా ఏ ఎముకలు అనేది ముఖ్యం. పళ్లు, దవడ, తుంటి ఎముక, వెన్నుపూసలు దొరికితే చాలావరకు తెలిసిపోద్ది, అప్పటిదాకా పేరున్న వాటితో పక్కన పెట్టి పోలుస్తారు, తేడా కనపడితే కొత్త పేరు పెట్టి ఆ ఎముకల్నే ఆ పేరుకి సాక్ష్యంగా మ్యూజియంలో దాస్తారు. అయితే ఇందులో బోల్తా పడ్డోళ్లు చానామంది. టి-రెక్స్ కథే చూడు, బార్నమ్ బ్రౌన్ అనే ఆయన 1900లో అమెరికాలోని వ్యోమింగ్‌లో ఒక అస్థిపంజరం, 1902లో మోంటానాలో హెల్ క్రీక్ దగ్గర ఇంకోటి తీశాడు, 1905లో శాస్త్రవేత్త ఆస్‌బోర్న్ ఒకే పేపర్లో రెండిటికీ రెండు పేర్లు పెట్టాడు, 1902లో తీసినదానికి టైరనోసారస్ రెక్స్ (అదే టి-రెక్స్), 1900 నాటిదానికి డైనమోసారస్ ఇంపీరియోసస్. తర్వాతి ఏడాదికే రెండూ ఒకటే జంతువని ఆయనే ఒప్పుకుని డైనమోసారస్‌ని కొట్టేశాడు. లేకపోతే ఇప్పుడు మీవాడి టీషర్టు మీద డి-ఇంపీరియోసస్ అని ఉండేదేమో :)
బ్రాంటోసారస్ అనే పొడుగు మెడ డైనోసార్‌ది ఇంకా తమాషా. 1903లో రిగ్స్ అనే ఆయన, ఇది అంతకుముందే 1877లో పేరు పెట్టిన అపటోసారస్సే, పాత పేరే చెల్లుద్ది అన్నాడు. 2015లో వేరే వాళ్లు మళ్లీ కొలిచి రెండూ వేరు అంటున్నారు. నూరేళ్లు దాటినా పంచాయితీ తెగలా.

జియో_ఒంగోలు:
రెండో దానికి నేను. తవ్వడం సమస్య కాదు బ్రో, రాయి వయసు సమస్య. డైనోసార్లు వచ్చిందే ఓ 23 కోట్ల ఏళ్ల కింద. మార్కాపురం పలక రాయి వంద కోట్ల ఏళ్ల పైమాటే, అప్పటికి ఎముకున్న జంతువే భూమ్మీద లేదు. గూడూరు మైకా రాళ్లు అంతకన్నా పాతవి, పైగా భూమి లోపల వేడికి ఒత్తిడికి మారిపోయిన రాళ్లు, వాటిల్లో ఎముక ఉండే చాన్సే లేదు. హెల్ క్రీక్ రాళ్లు 6.6 కోట్ల ఏళ్ల చుట్టుపక్కలవి, నదులు తెచ్చిన ఇసుక, బురద పేరుకున్నవి, కాబట్టే అక్కడ దొరికినాయి.
కానీ మన జిల్లాని మరీ తీసిపారెయ్యొద్దు. ఒంగోలు వైపు వేమవరం షేల్ (బురద గట్టిపడి అయిన పొరల రాయి) అని ఉంది, డైనోసార్లు తిరిగిన కాలందే, దాంట్లో ఆకుల శిలాజాలు బోల్డన్ని. వాటి గురించి 1879లోనే జియలాజికల్ సర్వే వాళ్లకి ఫైస్ట్‌మాంటెల్ అనే ఆయన రాసిపెట్టాడు. డైనోసార్ల కాలం సముద్రపు గవ్వ జీవులు, అంటే అమ్మోనైట్లు, కూడా ఆ రాళ్లల్లో ఉన్నాయి.

పలకల_రాజా:
వంద కోట్లు అంటున్నావు గానీ మా క్వారీలో రాయి చీలిస్తే లోపల నల్లగా ఫెర్న్ ఆకు లాంటి బొమ్మలు వస్తాయే, అవి ఏంది మరి? నేను ఫొటో తీసి పెట్టుకున్నా కూడా.

జియో_ఒంగోలు:
@పలకల_రాజా అన్నా అది డెండ్రైట్ అయ్యుండాలి. రాయి పగుళ్లల్లోకి నీళ్లు దిగి మాంగనీసు పేరుకుంటా పోతే అట్ట కొమ్మలు కొమ్మలుగా పెరుగుద్ది, అది చెట్టు కాదు. ఆకైతే నడిమి ఈనె, దాని పక్క ఈనెలు కనపడతాయి, దీంట్లో ఉండవు. ఫొటో పెట్టు, చూద్దాం.

సూళ్లూరుపేట_బాబాయ్:
ఇండియాలో దొరకలేదని మాత్రం పిల్లోడికి చెప్పబాకండి. 1828లోనే జబల్పూర్‌లో స్లీమన్ అనే తెల్లదొర ఎముకలు ఏరాడు, ఆ తర్వాత 1917–1919లో మ్యాట్లీ అనే ఆయన అక్కడే బారా సిమ్లా గుట్టల్లో గట్టిగా తవ్వించాడు, 1933లో ఫాన్ హ్యూనే అనే ఆయన, మ్యాట్లీ కలిసి ఆ డైనోసార్లకి ఇండోసూకస్, ఇండోసారస్ అని పేర్లు పెట్టారు, ఈ పేర్లు మన పాఠ్యపుస్తకాల్లో నాకైతే యాడా కనపడలా, టి-రెక్స్ బొమ్మ మాత్రం ప్రతి పెన్సిల్ బాక్సు మీదా ఉంటది. దొరికినదాన్ని దాచుకోవడం ఇంకో కష్టం. ఈజిప్టులో బహరియా ఒయాసిస్‌లో దొరికిన డైనోసార్ స్పైనోసారస్‌కి 1915లో ష్ట్రోమర్ అనే జర్మన్ శాస్త్రవేత్త పేరు పెట్టి ఎముకలు జర్మనీలోని మ్యూనిక్‌లో పెడితే 1944లో బాంబులు పడి మొత్తం నాశనం అయినాయి, ఆయన వేయించిన బొమ్మలు, రాతలే మిగిలినాయి.
మీవాడికి నిజం అస్థిపంజరం చూపించాలంటే హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంకి తీసుకెళ్లు, గోదావరి లోయలో యామన్‌పల్లి దగ్గర దొరికిన కోటసారస్ అనే డైనోసార్ ఉంది ఆడ. దానికి పేరు పెట్టింది 1988లో, మనోళ్లే.

కావలి_కుర్రోడు:
బాబాయ్, మేష్టారూ, థాంక్స్. ఇదంతా వాడికి చదివి వినిపించా, ఇండోసూకస్‌కి పళ్లు ఎట్ట ఉంటాయి, టి-రెక్స్‌తో కొట్లాడితే ఎవరు గెలుస్తారు అని మొదలెట్టాడు. జియో బ్రో, వేమవరం రాళ్లు ఒంగోలు నుంచి బైకు మీద పోయి చూడొచ్చా, ఎవరినైనా పర్మిషన్ అడగాలా?