స్క్రూటినీ కమిటీ కుర్చీ ప్రతిపక్షానికే ఇవ్వాలా?

చివరి బెంచీ:
ఇంగ్లండ్‌లో ఉంటున్నవాళ్లు ఒక మాట చెప్పండి. 2000 నాటి స్థానిక ప్రభుత్వ చట్టం తర్వాత ఇక్కడ చాలా కౌన్సిళ్లలో నిర్ణయాలు గరిష్ఠంగా 10 మంది ఉండే క్యాబినెట్ చేతికి వెళ్లాయి. మిగతా సభ్యులకు దక్కింది స్క్రూటినీ కమిటీ, అంటే ఆ క్యాబినెట్‌ను నిలదీసే కమిటీ. తీరా చూస్తే చాలాచోట్ల దాని చైర్ కూడా అధికార పార్టీ మనిషే. సొంత నాయకుణ్ణి గట్టిగా అడుగుతాడా? మన పార్లమెంటులో పబ్లిక్ అకౌంట్స్ కమిటీకి 1967 నుంచి ప్రతిపక్ష సభ్యుణ్ణి చైర్‌గా పెట్టడం ఆనవాయితీ. ఇక్కడైతే చట్టమే చెయ్యాలంటాను.

పాత లెడ్జర్:
మీ బాధ అర్థమైందండీ, కానీ కుర్చీ మారితే సరిపోదు. ఆ కమిటీకి నిర్ణయాన్ని రద్దు చేసే అధికారమే లేదు. అమలుకు ముందు 'కాల్-ఇన్' చేసి, మళ్లీ ఆలోచించమని వెనక్కి పంపగలదు, అంతే. పైగా ప్రతిపక్షం చేతికిస్తే ప్రతి మీటింగూ ఎన్నికల సభ అయిపోతుంది. నన్నడిగితే అసలు దెబ్బ ఆడిట్ దగ్గర తగిలింది. కౌన్సిళ్ల ఆడిట్‌ను చూసుకునే ఆడిట్ కమిషన్‌ను 2015లో మూసేశారు. 2022-23 లెక్కల ఆడిట్ గడువులోగా పూర్తయింది వంద స్థానిక సంస్థల్లో ఒకదానికే! లెక్కే తేలనప్పుడు చైర్ మాత్రం ఏం పట్టుకుని అడుగుతాడు?

వెన్నెలగువ్వ:
ఇద్దరూ కాగితాల సంగతి వదిలేశారు. మా కౌన్సిల్ స్క్రూటినీ మీటింగ్‌కు ఒకసారి వెళ్లాను. ఒక కాంట్రాక్టు విషయం రాగానే 'వాణిజ్య రహస్యం' అని ప్రజలందరినీ బయటికి పంపేశారు. తలుపు దగ్గర కూర్చున్న సభ్యురాలి ముందు గులాబీ రంగు రహస్య కాగితాల కట్ట ఉంది. అవి ఆ సాయంత్రమే చేతికొచ్చాయట, మీటింగ్ అవగానే తిరిగి ఇచ్చెయ్యాలట. అంత మందం కట్టని గంటలో ఎవరు చదువుతారు? ఆవిడ ఏ పార్టీ అయితే మాత్రం ఏం లాభం? ఇంగ్లండ్‌లోని థరాక్ కౌన్సిల్‌లో జరిగింది చూడండి. సోలార్ పెట్టుబడుల వివరాలు ఏళ్ల తరబడి దాచారు. 2022 డిసెంబరులో సెక్షన్ 114 నోటీసు ఇచ్చి, బడ్జెట్ సరిపెట్టలేమని చేతులెత్తేశారు.

చివరి బెంచీ:
గువ్వ గారూ, ఆ కాగితాలు ముందే ఇవ్వాలని పట్టుబట్టేది ఎవరు? చైరే కదా! అధికార పార్టీ చైర్ సొంతవాళ్ల మీద ఆ గొడవ పెట్టుకోడు. లెడ్జర్ గారి 'ఎన్నికల సభ' భయానికి కూడా నా జవాబు ఉంది. మేయర్లున్న కంబైన్డ్ అథారిటీల్లో, అంటే కొన్ని కౌన్సిళ్లు కలిసి ఏర్పడ్డ సంస్థల్లో, స్క్రూటినీ చైర్ మేయర్ పార్టీ మనిషి కాకూడదని నిబంధన ఇప్పటికే ఉంది. మామూలు కౌన్సిల్‌కు అదే పెట్టడానికి అడ్డేంటి?

పాత లెడ్జర్:
ఆ నిబంధనకు నేనూ ఒప్పుకుంటాను. అయితే దాంతో పాటు రహస్య కాగితాలు కమిటీ సభ్యులకు ఐదు పనిదినాల ముందు అందాలని కూడా రాయించండి. రెండింట్లో ఒకటే ఇస్తామంటే మాత్రం నేను కాగితాలే తీసుకుంటాను.